ఏడు బటన్ల తేనెటీగ

పెద్దవాళ్ల అరచేతిలో నిండుగా పట్టే పసుపు రంగు బొమ్మ. ఒంటి మీద నల్ల చారలు, ముందు రెండు కళ్లు, కింద చక్రాలు. పేరు బీబాట్. ఇంగ్లండులో బడి సామాన్లు తయారుచేసే టీటీఎస్ అనే సంస్థ దీన్ని చేస్తోంది. దీనికి తెర లేదు, కెమెరా లేదు. ఫోనులో యాప్ వేసుకోనక్కర్లేదు. పాటలు పాడదు, రైములు చెప్పదు. పిల్లలు బటన్లు నొక్కి దారి చెబితే ఆ దారిన పోతుంది, చెప్పకపోతే ఉన్నచోటే ఉంటుంది. నాలుగేళ్ల పాపకి చదువు నేర్పే రోబో బొమ్మ కొనాలి, ఏది మంచిదని ఎవరడిగినా నేను ముందు దీని పేరే చెబుతాను. అడిగినవాళ్లు కాస్త చప్పబడతారు. "ఇంతేనా అది చేసేది?" అంటారు.

ఇంతే చేసేలా దాన్ని మలచడంలోనే పనితనమంతా ఉంది. పుదుచ్చేరి నెహ్రూ వీధి దుకాణాల్లో రోబో బొమ్మ చూపించమంటే ముందు బల్ల మీదికి వచ్చేవి గంతులేసేవీ, లైట్లు గిరగిరా తిప్పేవీ, ఏబీసీడీలు ఏకరువు పెట్టేవీ. వాటికి అన్నీ వచ్చు, అందుకే పిల్లలకి చూడటం తప్ప పని మిగలదు. చూసి చూసి విసుగు పుట్టాక అవి మంచం కిందికి చేరతాయి. ఈ తేనెటీగకి సగం పనే వచ్చు. మిగతా సగం పిల్ల బుర్రలో జరగాలి. ఏ సగం బొమ్మకి ఇవ్వాలి, ఏ సగం పిల్లకి వదలాలి అన్న లెక్క దీన్ని చేసినవాళ్లకి ఎంత బాగా కుదిరిందో దగ్గరగా చూడదగ్గది.

వీపు మీద ఏముంది

నాలుగు వైపులకీ నాలుగు నారింజ రంగు బాణాలు. నడుమ ఆకుపచ్చ 'గో'. నీలం రంగులో ఇంకో రెండు బటన్లు: ఒకటి చెప్పిందంతా చెరిపేస్తుంది, ఇంకోటి ఒక్క సెకను ఆగమంటుంది. మొత్తం ఏడు. పొట్ట కింద రెండు స్విచ్చులు, ఒకటి కరెంటుకి, ఒకటి చప్పుడుకి. మధ్యాహ్నం ఇంట్లో ఎవరైనా కునుకు తీస్తుంటే చప్పుడు కట్టేసి ఆట సాగించవచ్చు.

బాణాలు నొక్కినప్పుడు బొమ్మ కదలదు. ఏ వరుసలో నొక్కారో ఆ వరుసలో గుర్తుపెట్టుకుని 'గో' కోసం చూస్తుంది. రిమోట్ కారుకీ దీనికీ తేడా అక్కడే. రిమోట్‌లో బటన్ నొక్కగానే కారు తిరుగుతుంది. తప్పు తిప్పినా మరుక్షణం సర్దేసుకోవచ్చు కాబట్టి ముందుగా ఆలోచించే అవసరం పడదు. ఇక్కడ చెప్పడానికీ నడవడానికీ మధ్య కావాలనే ఎడం పెట్టారు. ఆ ఎడంలో పిల్ల నేల మీద పరిచిన పటంలో వేలితో గళ్లు లెక్కపెడుతుంది, పెదాలు కదుపుతుంది, అనుమానం వచ్చి మొదటి నుంచి మళ్లీ లెక్కపెడుతుంది. జరగబోయేదాన్ని ముందే మనసులో నడిపించి చూసుకోవడమే ప్రోగ్రామింగ్‌కి పునాది. దానికి కంప్యూటరు ముందు కూర్చోనక్కర్లేదని ఈ బొమ్మ నిరూపిస్తుంది.

ఇక కొలతలు. ఒక్కో అడుగు 15 సెంటీమీటర్లు. ఒక్కో మలుపు 90 డిగ్రీలు. ఒళ్లు ఆ అడుగు కన్నా చిన్నది. రెండు చక్రాలూ విడివిడిగా తిరుగుతాయి. ఒకటి ముందుకీ ఇంకోటి వెనక్కీ తిరిగితే బొమ్మ ఉన్నచోటే మలుపు తీసుకుంటుంది, గీత దాటి పక్క గడిలోకి జరగదు. అడుగు ఇంకా చిన్నదైతే లెక్కకి అందదు, పెద్దదైతే నాలుగడుగులకే గోడ తగులుతుంది. అడుగుకీ అడుగుకీ మధ్య అది కాస్త ఆగుతుంది కూడా. 'ఒకటి, రెండు' అని పైకి లెక్కపెట్టే పిల్ల నోటికి ఆ కాస్త చాలు. పాత నమూనాకి 40 ఆజ్ఞలు గుర్తుండేవి, కొత్తదానికి 200 గుర్తుంటాయి. నాలుగేళ్ల పిల్లకి మొదట్లో రెండు మూడే ఎక్కువ.

ఎడమ బాణం దగ్గర తడబాటు

ఈ బొమ్మ ఇచ్చిన ప్రతిచోటా పిల్లలు ఒకేచోట తప్పు చేస్తారు. ఎడమ బాణం నొక్కితే ఎడమ పక్క గడిలోకి వెళ్తుందనుకుంటారు. అది వెళ్లదు, మొహం మాత్రం ఎడమకి తిప్పుకుని నిలబడుతుంది. వెళ్లాలంటే ఆ తర్వాత ముందుకి బాణం కూడా నొక్కాలి. అంటే మన నోట ఒక్క మాటగా వచ్చే 'ఎడం పక్కకి వెళ్లు' అన్నదాంట్లో తిరగడం, నడవడం అని రెండు పనులున్నాయి. ఇది పెద్దలు చెబితే ఎక్కదు. పటం మీద గుడికి పొమ్మన్న తేనెటీగ గుడి గడి ముందు గడిలో పక్కకి తిరిగి నిలబడిపోయినప్పుడు ఎక్కుతుంది.

రెండో చిక్కు దీనికన్నా గట్టిది. బొమ్మ పిల్లవైపు మొహం పెట్టి ఉంటే దాని ఎడమ పిల్లకి కుడి. అప్పుడు పిల్లలు ఏం చేస్తారో చూడాలి. కొందరు మెడ తిప్పుతారు, కొందరు లేచి పటం చుట్టూ తిరిగొచ్చి దాని వెనక కూర్చుంటారు, కొందరు నేల మీద బోర్లా పడుకుని దాని కళ్లతో చూస్తారు. అమ్మో నాన్నో తొందరపడి 'అటు కాదు, ఇటు' అని వేలు చూపకూడదు. ఇంకొకరి చోటు నుంచి లోకాన్ని చూడటం ఆ వయసులో మహా కష్టమైన విద్య. ఆ విద్యకి ఇక్కడ ఒళ్లంతా పనిచేస్తోంది.

ఇలా ఒంటితో ఆలోచింపజేయడం బొమ్మకి అనుకోకుండా వచ్చిన గుణం కాదు, దీనికి వంశం ఉంది. దక్షిణాఫ్రికాలో పుట్టి, జెనీవాలో పిల్లల మనస్తత్వవేత్త ప్యాజే దగ్గర పనిచేసి, అమెరికాలోని ఎంఐటీకి చేరిన గణితవేత్త సీమూర్ పేపర్ట్ 1967లో సింథియా సాలమన్, వాలీ ఫోర్జైగ్ తదితరులతో కలిసి పిల్లల కోసం 'లోగో' అనే కంప్యూటరు భాష తయారుచేశారు. ఆ భాషలో చెబితే నేల మీద నడిచే యంత్రానికి తాబేలని పేరు పెట్టారు. తాబేలు ఎలా తిరగాలో తోచకపోతే నువ్వే తాబేలై నడిచి చూసుకో అన్నది పేపర్ట్ పిల్లలకి ఇచ్చిన సలహా. అయితే ఆ భాష రాయాలంటే అక్షరాలు రావాలి, కీబోర్డు కొట్టాలి. 1970ల నడుమ అదే ఎంఐటీలో రేడియా పెర్ల్‌మన్ అనే విద్యార్థిని ఆ అడ్డు తీసేసింది. చదవడం రాని చిన్నపిల్లలు కూడా తాబేలుని నడిపేలా బటన్ల పెట్టె ఒకటి, కార్డులు గుచ్చే యంత్రం ఒకటి చేసింది. తర్వాతి కాలంలో కంప్యూటర్ నెట్‌వర్కులకి ఆయువుపట్టు లాంటి స్పానింగ్ ట్రీ పద్ధతి కనిపెట్టిందీ ఆవిడే. ఈనాటి తేనెటీగ వీపు మీద బటన్లు చూస్తే ఆ పెట్టె గుర్తుకొస్తుంది.

ఊరే పటం

ఈ బొమ్మకి పుదుచ్చేరి కన్నా కుదిరిన ఊరు దొరకదంటే అతిశయోక్తి కాదు. సూటిగా నడవడం, లంబకోణంలో తిరగడం తప్ప ఇంకేమీ రాని ప్రాణికి సూటి వీధుల ఊరు కావాలి. 1693లో డచ్చివాళ్లు ఈ ఊరిని ఫ్రెంచివాళ్ల నుంచి పట్టుకుని, 1699లో తిరిగి అప్పగించేలోగా వీధులకి గళ్ల ప్లాను గీశారు. 1761లో ఇంగ్లీషువాళ్లు ఊరిని నేలమట్టం చేశారు. ఫ్రెంచివాళ్లు మళ్లీ కట్టుకున్నప్పుడు పాత వీధుల వరుసనే పట్టుకున్నారు. అందుకే ఈరోజుకీ పాత ఊరి చుట్టూ ఉన్న బులవార్డుల లోపల ఏ మలుపు తిరిగినా దాదాపు 90 డిగ్రీలే.

పటం చేయడానికి రెండు చార్టులు చాలు. దుకాణంలో దొరికే మామూలు చార్టు సుమారు 56 సెంటీమీటర్ల వెడల్పు, 71 పొడవు. రెండిటినీ పొడుగు అంచుల దగ్గర అతికిస్తే 15 సెంటీమీటర్ల గళ్లు అటు ఏడు, ఇటు నాలుగు వస్తాయి. ఏడు గళ్ల వైపుని తూర్పు పడమరలుగా పెట్టుకుంటే లెక్క చక్కగా సరిపోతుంది: తూర్పు చివర సముద్రం, దాని పక్కన గుబేర్ అవెన్యూ, తర్వాత ద్యుమా వీధి, రొమేన్ రోలాఁ వీధి, సఫ్రెన్ వీధి, ఆ తర్వాత కాలువ, దాటితే మిషన్ వీధి. దూరాలు అచ్చంగా ఉండక్కర్లేదు, వరుస తప్పకపోతే చాలు. చార్టు కూడా దండగ అనుకుంటే నేల మీద సుద్దముక్కతో గీసుకోవచ్చు. పొద్దున్నే గుమ్మం ముందు చుక్కల ముగ్గు పెట్టే చేతికి సమానమైన ఎడం కొత్త విద్యేం కాదు. ఒక్క గడి కొలత కోసం స్కేలు పట్టుకుంటే మిగతావి కంటికే అందుతాయి.

గుబేర్ అవెన్యూ గడిలో గాంధీ విగ్రహం బొమ్మ అతికించి, తేనెటీగని అక్కడ ఉత్తరం వైపు మొహం పెట్టి నిలబెట్టండి. సముద్రం దాని కుడిపక్క ఉంటుంది. మణక్కుళ వినాయకర్ గుడికి తీసుకెళ్లమని చెప్పండి. ముందుకి, ముందుకి, ఎడమకి, ముందుకి, ముందుకి, గో. దారి కుదిరాక ఇంకాస్త బిగించవచ్చు. కాలువ గళ్లన్నీ నీలంగా నింపి, వంతెన ఉన్న గడిలోనే దాటాలని నియమం పెడితే మిషన్ వీధిలోని పెద్ద చర్చికి వెళ్లడానికి చుట్టు తిరిగి రావాలి. ఒక వీధిని వన్‌వే చేస్తే పోయిన దారిన రావడం కుదరదు. కాలువ అవతల ఆనందరంగ పిళ్లై ఇంటి బొమ్మ పెడితే కథ చెప్పడానికి సందు దొరుకుతుంది. ఫ్రెంచి గవర్నర్ డూప్లేకి దుబాసీగా ఉండి దినచర్య రాసిన పెద్దమనిషి ఆయన. కస్తూరి రంగకవి తెలుగులో ఛందస్సు గ్రంథం రాసి దానికి ఆయన పేరే పెట్టాడు. సాయంత్రం బీచికి వెళ్లినప్పుడు పిల్ల అదే గాంధీ విగ్రహం దగ్గర నిలబడి గుడి ఎటో చూపిస్తుంది. చార్టు మీద నేర్చుకున్నది వీధిలో సరిచూసుకునే వీలు అన్ని ఊళ్లలో ఉండదు.

నాలుగు భాషల మధ్య

ఈ ఊళ్లో తెలుగింటి పిల్ల చెవిలో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు పడతాయి. ఫ్రెంచివాళ్ల పాత పేట వైట్ టౌన్ వీధుల పేర్ల పలకల మీద ఫ్రెంచి కనిపిస్తుంది. యానాం నుంచి ఉద్యోగాలకీ, జిప్‌మర్‌లో వైద్య చదువులకీ వచ్చి స్థిరపడ్డ ఇళ్లలో ఈ కలగలుపు మరీ ఎక్కువ. చదువు బొమ్మలమని చెప్పుకునేవి చాలావరకు ఇంగ్లీషే మాట్లాడతాయి. వాటి ఉచ్చారణ పిల్లకి అందదు, పిల్ల మాట వాటికి అర్థం కాదు. బాణానికి ఏ భాషా లేదు కాబట్టి తేనెటీగ చుట్టూ ఇంట్లోవాళ్లు తమ మాట తాము మాట్లాడుకోవచ్చు. అమ్మమ్మ 'కుడిచేతి వైపు తిప్పవే' అంటుంది, పక్కింటి పిల్లాడు తమిళంలో వాదిస్తాడు, ఆట ఆగదు. 'సీ అండ్ సే' అనే కొత్త రకంలో ఒక్కో బటన్‌కీ మన గొంతు రికార్డు చేసుకునే వీలుంది. తాతయ్య గొంతుతో 'ముందుకి పద' అని పెట్టుకుంటే బొమ్మ ఆ ఇంటిదే అయిపోతుంది.

దీనిలో లేనిది, పక్కవాటిలో ఉన్నది

మెచ్చుకున్నంత మాత్రాన లోటు దాచక్కర్లేదు. తేనెటీగకి చెప్పిన ఆజ్ఞలు దాని కడుపులో ఉంటాయి, కంటికి కనబడవు. ఆరు బటన్లు నొక్కాక నాలుగోది ఏం నొక్కిందో పిల్లకి గుర్తుండదు. పాతది చెరపకుండా కొత్త దారి చెబితే పాతదాని చివర కొత్తది చేరుతుంది. తేనెటీగ మొదట ఇందాకటి గుడికి బయల్దేరి, ఆ తర్వాత ఇప్పటి మార్కెట్ దారి పడుతుంది. మొదటిసారి అందరూ బొమ్మ పాడైందనే అనుకుంటారు. దీనికి టీచర్లు పట్టే చిట్కా సులువైనది: బాణాలు గీసిన చిన్న అట్టముక్కలు నేల మీద వరుసగా పేర్చి, ఆ వరుస చూస్తూ నొక్కించడం. తప్పు వచ్చినప్పుడు ఏ ముక్క మార్చాలో కనిపిస్తుంది.

ఆ చిట్కానే బొమ్మగా మలిచినవి రెండున్నాయి. ఒకటి 'రోబో మౌస్', అమెరికాకి చెందిన లెర్నింగ్ రిసోర్సెస్ సంస్థది. ఎలుక, జున్నుముక్క, దారి పరచుకోవడానికి 16 పలకలు, నిలబెట్టే గోడలు, 30 బాణాల కార్డులు ఒకే పెట్టెలో వస్తాయి. గోడల మధ్య దారి పిల్లలే కట్టుకుంటారు. రెండోది క్యుబెట్టో. ప్రిమో టాయ్స్ అనేవాళ్లు 2013లో కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర డబ్బు పోగుచేసి తయారుచేశారు. నవ్వు మొహం పెట్టుకున్న చెక్క పెట్టె ఇది. ఆజ్ఞలు దాని ఒంటి మీద ఉండవు, విడిగా ఒక చెక్క పలక మీద ఉంటాయి. పలకలో 16 గుంటలు: 12 గుంటలు ఒంపులు తిరుగుతూ పోయే ఒక్క దారిలో, నాలుగు కింద విడిగా. ముందుకి ఆకుపచ్చ బిళ్ల, కుడికి ఎరుపు, ఎడమకి పసుపు. రంగే కాదు, ఒక్కోదానికి ఆకారం వేరు, కళ్లు మూసుకుని తడిమినా ఏది ఎటో తెలుస్తుంది.  బొమ్మ నడుస్తుంటే ఏ బిళ్ల వంతు వచ్చిందో దాని పక్కన దీపం వెలుగుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపించవచ్చు.

నీలం బిళ్ల మరీ ముచ్చటైనది. అది పెట్టినచోట, కింది నాలుగు గుంటల్లో ఉన్నదంతా ఒక్కసారి నడుస్తుంది. పదేపదే వచ్చే నడకని ఒకచోట రాసిపెట్టి పిలుచుకోవడమన్నమాట. పెద్ద ప్రోగ్రాములు రాసేవాళ్లు రోజూ చేసే పని ఇది. దాన్ని నాలుగేళ్ల చేతికి అందే బిళ్లగా దించిన నేర్పుకి దండం పెట్టాలి. ఒక్క క్యుబెట్టోనో ఒక్క తేనెటీగనో ఎంచుకోవాలంటే నా లెక్క ఇది: మూడేళ్లు నిండి ఇంకా వరుస గుర్తుపెట్టుకోలేని పిల్లకి క్యుబెట్టో, నలుగురైదుగురు కలిసి ఆడే ఇంటికీ బాలవాడికీ కిందపడినా తట్టుకునే తేనెటీగ.

కొనేముందు

తేనెటీగ, క్యుబెట్టో రెండూ ఖరీదైనవే, తొందరపడకూడదు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి, బయటి దేశాల నుంచి వచ్చినవాటికీ అంతే. పెట్టె మీద ఆ గుర్తు, దానితో లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూడండి. ఆ నంబరుని 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొడితే అసలుదో కాదో తేలిపోతుంది. బ్యాటరీ మూతకి స్క్రూ ఉండాలి. గుండీల్లా ఉండే చిన్న బ్యాటరీలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలిపోయే ప్రమాదముంది. అవి పిల్లల వేలికి ఊడి వచ్చే బొమ్మ ఎంత చవకైనా ఇంట్లోకి రానివ్వకండి.

సముద్రపు ఊరి జాగ్రత్తలు వేరే ఉన్నాయి. ఉప్పుగాలికి బ్యాటరీ స్ప్రింగులు పచ్చగా చిలుం పడతాయి. ఆడనన్నాళ్లు బ్యాటరీలు తీసి పెట్టాలి. ఛార్జింగుతో నడిచేదైతే ఈ గొడవ తక్కువ. బీచి నుంచి కాళ్లతో వచ్చిన ఇసుక చక్రాల ఇరుసుల్లో చేరితే అడుగు తగ్గుతుంది, మలుపు వంకర పోతుంది. నున్నటి గచ్చు మీద చక్రం జారినా అదే గతి. ఆట ముందు నేల తుడుచుకోవడం, నాలుగైదు మలుపులకోసారి బొమ్మని చేత్తో గడి మధ్యకి సర్దుకోవడం అలవాటు చేస్తే పిల్లలకి కోపం రాదు.

మాట్లాడే రోబోల సంగతీ చెప్పాలి. ముంబైలో ఐఐటీ కుర్రాళ్లు మొదలుపెట్టిన మీకో లాంటివి మాట వింటాయి, జవాబు చెబుతాయి, కబుర్లాడతాయి. వాటి పనితనం వేరు, అయిదేళ్లు దాటిన పిల్లల కోసం చూసుకోవలసినవి. అయితే ఇంటర్నెట్టుకి తగిలించుకునే ఏ బొమ్మైనా ఇంట్లో ఒక చెవి పెట్టినట్టే. 2017లో జర్మనీ ప్రభుత్వం కైలా అనే మాట్లాడే బొమ్మని రహస్యంగా వినే పరికరాల కింద లెక్కకట్టి నిషేధించింది. మన 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. ఆ అనుమతి అడిగే పేజీని చదవకుండా 'సరే' నొక్కేది మాత్రం మనమే.

ఇక డబ్బు దగ్గర వెనకాడేవాళ్లకి ఒక మాట. బొమ్మ కొనకముందే ఆట మొదలుపెట్టండి. నేల మీద పెద్ద గళ్లు గీసి నాన్నని రోబో చేసి నిలబెట్టండి. పిల్ల బాణాల ముక్కలు పేర్చి ఇస్తే నాన్న వాటినే, అచ్చంగా వాటినే చేయాలి. 'ఎడమకి' అంటే తిరగాలి తప్ప నడవకూడదు. జాలిపడి దారి సరిచేయకూడదు, గోడ వస్తే గోడకి తగలాలి. వారం పదిరోజుల తర్వాత కూడా పిల్ల ముక్కలు పట్టుకుని వెంటపడుతుంటే అప్పుడు తేనెటీగకి డబ్బు పెట్టడంలో అర్థముంది. పడకపోతే ఇంకో ఏడాది ఆగవచ్చు. ఈలోగా ఇంట్లో ఉన్న రోబోకి ఐఎస్‌ఐ గుర్తు అక్కర్లేదు, రాత్రి కాస్త ఛార్జింగు ఉంటే చాలు.